ముప్పై ఆరేళ్ళ బౌలరుకి ఐదున్నర కోట్లా?

2016 ఫిబ్రవరి 6. బెంగుళూరులో ఐపీఎల్ వేలం. ఇక్కడ మా హాస్టల్ కామన్ రూములో టీవీ ముందు పదిహేను మందిమి కూర్చున్నాం. సన్‌రైజర్స్ హైదరాబాద్ వాళ్ళు ఆశిష్ నెహ్రాని ఐదున్నర కోట్లకి కొన్నారు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకటే గోల. "ఆ మోకాళ్ళకి గ్యారంటీ కార్డు ఇచ్చారా?" అని ఒకడు. "డబ్బులు ఎక్కువైతే మా హాస్టల్ మెస్సుకి ఇవ్వచ్చుగా" అని ఇంకొకడు. అప్పుడు నేను ఇంజనీరింగ్ రెండో ఏడు. నాకు పందొమ్మిది, నెహ్రాకి ముప్పై ఆరు. ముప్పై ఆరేళ్ళ ఫాస్ట్ బౌలరంటే నా దృష్టిలో ముసలాడే. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే అనుకుంటా.

మూడు నెలల తర్వాత, మే 8 ఆదివారం, అదే నెహ్రా మా వైజాగ్‌లో, మా కళ్ళ ముందే, ముంబయి ఇండియన్స్ మీద 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కూడా ఆయనే. ఆ తర్వాత వారం తిరక్కుండానే తొడ కండరం పట్టేసి టోర్నమెంటు మొత్తానికీ దూరమయ్యాడు. అంటే నవ్వినవాళ్ళమూ కరెక్టే, కొన్నవాళ్ళూ కరెక్టే! ఇంతకీ ఆ ఐదున్నర కోట్లు దండగా, దండగ కాదా? ఈ ప్రశ్న ఇన్నేళ్ళూ నా బుర్రలో ఎక్కడో తిరుగుతూనే ఉంది. ఈ మధ్య ఆఫీసులో జరిగిన ఒక సంగతి వల్ల మళ్ళీ పైకొచ్చింది. అది చివర్లో చెప్తాను.

సరే, ముందు కాస్త చరిత్ర.

అనుభవం ఉన్న బౌలర్ని సమయానికి తెచ్చుకోవడం అనే విద్యలో మనకంటే అమెరికా వాళ్ళు చాలా ముందున్నారు. అక్కడ బేస్‌బాల్‌లో సీజన్ సగం పైగా అయ్యాక, జులై ఆఖరులో, ఆటగాళ్ళని ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి మార్చుకోడానికి గడువు ముగుస్తుంది. కప్పు మీద ఆశ ఉన్న జట్లు ఆ గడువులోపు ఒక సీనియర్ స్టార్టింగ్ పిచ్చర్ కోసం వెతుకుతాయి. స్టార్టింగ్ పిచ్చరంటే మన భాషలో కొత్త బంతి పట్టుకునేవాడనుకోండి. కాకపోతే నాలుగు ఓవర్లతో సరిపెట్టడు, ఆటలో సగానికి పైగా ఒక్కడే విసురుతాడు. కప్పు ఆశ లేని జట్లు అలాంటివాణ్ణి ఇచ్చేసి, బదులుగా ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని తీసుకుంటాయి. ఒకరికి ఈ ఏడాది కావాలి, ఇంకొకరికి ఐదేళ్ళ తర్వాత కావాలి. బేరం అక్కడ కుదురుతుంది.

ఈ బేరాల్లో అందరూ చెప్పుకునే కథ 1987 నాటిది. డెట్రాయిట్ టైగర్స్ అట్లాంటా బ్రేవ్స్ నుంచి డాయిల్ అలెగ్జాండర్ అనే ముప్పై ఆరేళ్ళ పిచ్చర్ని తెచ్చుకుంది. (చూశారా, సరిగ్గా నెహ్రా వయసే.) అది ఆగస్టు నెల. అప్పటి నిబంధనల ప్రకారం జులై దాటాక కూడా కొన్ని మార్పిళ్ళు కుదిరేవి. వచ్చినవాడు 11 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, ఆ పదకొండూ టైగర్సే గెలిచింది. అతని సొంత లెక్క 9 గెలుపులు, ఒక్క ఓటమి కూడా లేదు. టైగర్స్ తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఇంతవరకు బాగానే ఉంది. ప్లేఆఫ్స్‌లో మాత్రం మిన్నెసోటా చేతిలో ఓడిపోయింది, అలెగ్జాండర్ మొదలుపెట్టిన రెండు మ్యాచ్‌లూ పోయాయి. 1989 తర్వాత అతను ఆట మానేశాడు.

బదులుగా టైగర్స్ ఇచ్చిన కుర్రాడి పేరు జాన్ స్మోల్ట్స్. అప్పుడు వాడికి ఇరవై. తర్వాత ఇరవై ఏళ్ళ పాటు అట్లాంటాకి ఆడి, 1996లో సై యంగ్ అవార్డు తెచ్చుకుని, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు! డెట్రాయిట్ వాళ్ళు ఇప్పటికీ ఆ పేరు వింటే నిట్టూరుస్తారు. అలాగని అలెగ్జాండర్ చెడ్డ కొనుగోలా? తెచ్చింది దేనికో ఆ పని నూటికి నూరుపాళ్ళు చేశాడు. తప్పు సరుకులో లేదు, చెల్లించిన ధరలో ఉంది.

దీనికి ఇంకో వైపు 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్. ఆగస్టు 31 రాత్రి, గడువు ఇంకో నిమిషంలో అయిపోతుందనగా, ముప్పై నాలుగేళ్ళ జస్టిన్ వర్లాండర్‌ని తెచ్చుకున్నారు. సీజన్లో మిగిలిన 5 మ్యాచ్‌లూ గెలిపించాడు, ఆ ఏడు హ్యూస్టన్ ఛాంపియన్ అయింది. (ఆ జట్టు ఎదుటివాళ్ళ సైగలు దొంగతనంగా చూసిందన్న గొడవ తర్వాత బయటపడింది. దాంట్లో పిచ్చర్ చేసేదేం లేదు లెండి.) అదే విద్య. ఒకచోట పశ్చాత్తాపం, ఇంకోచోట కప్పు.

ఇక మన దగ్గరికొద్దాం. ఐపీఎల్‌లో ఇలాంటి మార్పిడి మొదట 2009లో జరిగింది. జహీర్ ఖాన్ బెంగుళూరు నుంచి ముంబయికి వెళ్ళాడు, రాబిన్ ఉతప్ప ముంబయి నుంచి బెంగుళూరుకి వచ్చాడు. అప్పుడే ఇంకో మార్పిడి కూడా జరిగింది. ముంబయి తన దగ్గరున్న నెహ్రాని ఢిల్లీకి ఇచ్చి, ఢిల్లీ నుంచి ఇరవై మూడేళ్ళ శిఖర్ ధావన్‌ని తీసుకుంది. అచ్చం బేస్‌బాల్ బేరమే. పాత బౌలరు ఇటు, పెరగాల్సిన కుర్రాడు అటు. నెహ్రా ఆ ఏడు ఢిల్లీకి 19 వికెట్లు తీశాడు. ధావన్ ముంబయిలో పెద్దగా ఆడలేదు. 2011 వేలంలో మన డెక్కన్ చార్జర్స్ వాళ్ళు కొన్నారు, అక్కడి నుంచి 2013లో సన్‌రైజర్స్‌కి వచ్చాడు. నెహ్రా ఏమో పుణె వెళ్ళి, 2013లో రాస్ టేలర్‌కి బదులుగా మళ్ళీ ఢిల్లీకి వచ్చి, అక్కడి నుంచి చెన్నై చేరాడు. మనిషిని రెండుసార్లు వస్తుమార్పిడి చేశారన్నమాట.

హైదరాబాద్‌కి సీనియర్ బౌలర్ల సరదా మొదట్నుంచీ ఉంది. 2008లో జరిగిన మొట్టమొదటి వేలంలోనే డెక్కన్ చార్జర్స్ చమిందా వాస్‌ని రెండు లక్షల డాలర్లకి కొంది. అప్పటికి ఆయనకి ముప్పై నాలుగు. ఆ ఏడు జట్టు అట్టడుగున ఉండిపోయింది, ఆయనొక్కడు ఏం చేస్తాడు? 2009లో కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ముప్పై ఏడేళ్ళ గిల్‌క్రిస్ట్. కానీ వికెట్లు తీసింది ఆర్పీ సింగ్, 23 వికెట్లతో పర్పుల్ క్యాప్. అప్పటికి అతని వయసు ఇరవై మూడు. వాస్ 2010లో, ముప్పై ఆరేళ్ళప్పుడు, టోర్నమెంటు మొదటి మ్యాచ్ మొదటి ఓవర్లోనే రెండు వికెట్లు తీసి మళ్ళీ కనపడ్డాడు. కానీ ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం. పాత చెయ్యి మెరవడం వేరు, జట్టు గెలవడం వేరు అని ఆరోజే తెలియాల్సింది.

ఇప్పుడు 2016 సన్‌రైజర్స్ పరిస్థితి చూద్దాం. 2014లో ఆరో స్థానం, 2015లో మళ్ళీ ఆరో స్థానం. తొమ్మిదిన్నర కోట్ల డేల్ స్టెయిన్ 2015లో ఎక్కువ మ్యాచ్‌లు ఆడలేదు, వదిలేశారు. ఇషాంత్ శర్మని, ప్రవీణ్ కుమార్‌ని కూడా వదిలేశారు. మిగిలింది భువనేశ్వర్ కుమార్. వాడు బంగారమే, కానీ రెండో వైపు నుంచి వేసేదెవరు? ట్రెంట్ బౌల్ట్ ఉన్నాడు. అయితే జట్టుకి నలుగురు విదేశీయులే గదా, వార్నర్, హెన్రిక్స్, విలియమ్సన్ లాంటివాళ్ళుంటే ప్రతిసారీ బౌల్ట్‌కి చోటుండదు. కాబట్టి వాళ్ళకి కావాల్సింది ఏదో ఒక మంచి బౌలరు కాదు. ఎడమచేత్తో కొత్త బంతి వెయ్యగల, ఆఖరి ఓవర్ వెయ్యడానికి భయపడని, భారతీయుడు. ఇన్ని షరతులు పెట్టి వెతికితే డేటాబేసులో ఎన్ని రికార్డులొస్తాయి చెప్పండి? ఒకటో రెండో!

ఇంకో సంగతి. 2015 జులై 14న లోధా కమిటీ చెన్నైని, రాజస్థాన్‌ని రెండేళ్ళు సస్పెండ్ చేసింది. చెన్నైకి 2015లో 22 వికెట్లు తీసిన నెహ్రా ఆ దెబ్బతో వేలంలోకి వచ్చాడు. అప్పటికి కొద్దిరోజుల ముందే, 2016 జనవరి 26న అడిలైడ్‌లో, దాదాపు ఐదేళ్ళ తర్వాత మళ్ళీ ఇండియా చొక్కా వేసుకున్నాడు కూడా. ఆస్ట్రేలియా మీద ఆ సిరీస్ 3-0తో గెలిచాం. మేం హాస్టల్లో నవ్వుతున్నప్పుడు మాకు గుర్తున్న నెహ్రా 2003 వరల్డ్ కప్పులో డర్బన్‌లో ఇంగ్లండ్ మీద 6 వికెట్లు తీసిన నెహ్రా, ఆ తర్వాత ఆపరేషన్ల మీద ఆపరేషన్లయిన నెహ్రా. టామ్ మూడీ, లక్ష్మణ్, మురళీధరన్ కూర్చున్న బల్ల దగ్గర మాత్రం 2003 గురించి అవసరం లేదు. వాళ్ళు చూడాల్సింది గత పది నెలలు. వాళ్ళు కొన్నది ఆ పది నెలల నెహ్రానే అని నా నమ్మకం.

ఇక్కడ మా ఊరు వస్తుంది. ఆ ఏడు మహారాష్ట్రలో భయంకరమైన కరువు. ఏప్రిల్ 30 తర్వాత అక్కడ మ్యాచ్‌లు వద్దని బాంబే హైకోర్టు చెప్పడంతో ముంబయి, పుణె జట్ల మ్యాచ్‌లు వైజాగ్‌కి వచ్చాయి. ముంబయికి హోమ్ గ్రౌండ్ మధురవాడ! చెప్పుకోడానికి భలే ఉండేది. అయితే జనమంతా అరిచింది హైదరాబాద్ కోసమే.

మే 8న ముందు సన్‌రైజర్స్ 177 కొట్టింది. అందులో 82 నాటౌట్, శిఖర్ ధావన్. తర్వాత ముంబయి 92కి ఆలౌటు. నెహ్రాకి మూడు, ముస్తాఫిజుర్‌కి మూడు. గ్యాలరీలో గొంతు పోయేలా అరుస్తున్న నాకు అప్పుడు తట్టలేదు, చాలా రోజుల తర్వాత తట్టింది. 2009లో ముంబయి ఎవరిని ఇచ్చి ఎవర్ని తీసుకుందో ఆ ఇద్దరూ, ఏడేళ్ళ తర్వాత ఒకే చొక్కా వేసుకుని, అదే ముంబయిని చితక్కొట్టారు! ఇలాంటిది సినిమాలో పెడితే మనమే నమ్మం.

మర్నాడు పొద్దున్నే మా ఫ్రెండుతో కలిసి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. వాళ్ళ నాన్నకి అక్కడ ఒక మరబోటు ఉంది. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. మే నెలంటే హార్బర్ చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. మామూలు రోజుల్లో తెల్లారకుండానే వేలంపాటలతో, ఐసు బళ్ళతో కాలు పెట్టడానికి చోటుండని జెట్టీ, అప్పుడు బోట్లతో నిండిపోయి, మనుషుల్లేక బోసిపోయి ఉంటుంది. చెక్కలు చెక్కేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు, నీడన కూచుని వలలు బాగుచేసుకునేవాళ్ళు, అంతే.

బాబాయ్‌కి అప్పుడో పెద్ద సమస్య. నిషేధం అయిపోయిన మొదటి రోజే బోటు కదలాలి. రెండు నెలలు వల పడని సముద్రం, మొదటి వేటకి మంచి సరుకు పడుతుంది. ఆ లోపు డ్రైవర్ని ఖాయం చేసుకోవాలి. డ్రైవరంటే స్టీరింగ్ తిప్పేవాడు మాత్రమే కాదు. ఎక్కడికి వెళ్ళాలి, వల ఎక్కడ వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి, గాలి మారితే ఎప్పుడు వెనక్కి తిరగాలి, అన్నీ ఆయనే. కలాసీలందరి ప్రాణాలూ ఆయన చేతిలోనే ఉంటాయి. బాబాయ్ ముందు ఇద్దరున్నారు. ఒకడు ముప్పై ఏళ్ళవాడు, కిందటేడు వేరే బోటు మీద బాగా సరుకు తెచ్చాడు. ఇంకొకాయనకి యాభై ఐదు దాటాయి, నడుంనొప్పి, పైగా అడ్వాన్సు ఎక్కువ అడుగుతున్నాడు.

బాబాయ్ ముసలాయనకే అడ్వాన్సిచ్చాడు.

నేను ఊరుకోలేక, "అదేంటి బాబాయ్, కుర్రాడైతే నాలుగేళ్ళు పనికొస్తాడు కదా" అన్నాను. నాకు తెలిసిన ఆప్టిమైజేషన్ అదే మరి.

"ఏటి బాబూ, నిన్న మ్యాచ్చి సూసొచ్చి కూడా అలగంటావు? ఆ ముసిలోడు నిన్న ఏటి సేసాడు?" అన్నాడు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పాడు. "మన వల రాయికి తగిలిందనుకో, సిరిగిపోద్ది. ఒక్కోసారి మొత్తం తెగిపోద్ది. ఎక్కడ రాయుందో ఆడికి తెలుసు. కుర్రోడికి మిసనుంది, ఆడికి తలకాయుంది."

"మరి ఆయనకి ఒంట్లో బాలేకపోతే?"

"అందుకే ఆ కుర్రోణ్ణి కూడా పెట్టుకున్నాను. రెండోవోడిగా. జీతం ఎక్కువే అయ్యింది. అయినా బోటు ఒక్కడి నడుం మీద ఒగ్గేస్తామేటి?"

మే 10న పుణె మీద ఇంకో మ్యాచ్, అది టీవీలో చూశాం. సన్‌రైజర్స్ 137 మాత్రమే కొట్టింది. పుణె బౌలర్ ఆడమ్ జంపా 19 పరుగులకి 6 వికెట్లు తీశాడు. ఆఖరి ఓవర్లో పుణెకి 14 కావాలి. క్రీజులో ధోనీ. బంతి నెహ్రా చేతిలో. కిందటేడు దాకా చెన్నైలో ఏ కెప్టెన్ చెప్పినట్టు బౌలింగ్ వేశాడో, ఆ కెప్టెన్‌కే ఇప్పుడు ఆఖరి ఓవర్ వెయ్యాలి. ధోనీ ఒక సిక్సర్ కొట్టాడు, తర్వాత రనౌటయ్యాడు. 4 పరుగుల తేడాతో గెలిచాం.

ఐదు రోజుల తర్వాత, మే 15న, పంజాబ్ మీద మ్యాచ్‌లో నెహ్రా తొడ వెనక కండరం దెబ్బతింది. ఆపరేషన్ కోసం లండన్ వెళ్ళాల్సొచ్చింది. అసలు ఏప్రిల్ 12న మొదటి మ్యాచ్‌లోనే గజ్జ దగ్గర పట్టేసి మధ్యలో బయటికెళ్ళిపోయి, తర్వాత కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. మొత్తం మీద 8 మ్యాచ్‌లు, 9 వికెట్లు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఒక చిన్న ఎక్సెల్ షీట్ వేద్దాం. నెహ్రా: ఐదున్నర కోట్లు, 9 వికెట్లు, వికెట్ ఖరీదు సుమారు 61 లక్షలు. భువనేశ్వర్: నాలుగుంపావు కోట్లు, 23 వికెట్లు, పర్పుల్ క్యాప్, వికెట్ సుమారు పద్దెనిమిదిన్నర లక్షలు. ముస్తాఫిజుర్: కోటి నలభై లక్షలు, 17 వికెట్లు, వికెట్ సుమారు 8 లక్షలు. ఈ షీట్ ఏ మేనేజర్‌కి చూపించినా నెహ్రా కింద ఎర్ర రంగు పూస్తాడు. హాస్టల్లో మా వాళ్ళు పూశారు కూడా.

కానీ మే 29న ఏం జరిగింది? ఎలిమినేటర్ దగ్గర మొదలుపెట్టి, వరసగా కోల్‌కతాని, గుజరాత్‌ని ఓడించి, ఫైనల్లో బెంగుళూరు మీద వాళ్ళ ఊళ్ళోనే సన్‌రైజర్స్ 208 కొట్టింది. గేల్, కోహ్లి కలిసి వికెట్ పోకుండా వంద దాటించేశారు. అయినా ఆఖరి ఓవర్‌కి 18 కావాల్సి వచ్చింది. భువనేశ్వర్ 9 ఇచ్చాడు. 8 పరుగులతో కప్పు మనది. నెహ్రా ఆ మ్యాచ్‌లో లేడు. క్వాలిఫయర్‌లో ముస్తాఫిజుర్ కూడా లేడు, బౌల్ట్ వచ్చి ఆడాడు. కోటీ ఇరవై లక్షలకి కొన్న కుర్రాడు బరిందర్ స్రాన్ సీజన్ మొత్తం మీద 14 వికెట్లు తీశాడు. నెహ్రా, ముస్తాఫిజుర్, స్రాన్, బౌల్ట్... నలుగురూ ఎడమచేతి వాళ్ళే, గమనించారా? ఒకడు పడిపోతే అదే కోణంలో ఇంకొకడు సిద్ధం. నెహ్రాని కొన్నవాళ్ళు నెహ్రా మీద ఆధారపడలేదు. బాబాయ్ చెప్పింది ఇదే కదా, ఒక్కడి నడుం మీద బోటు వదలకూడదని.

నెహ్రా ఆడిన మ్యాచ్‌ల్లో ప్రతి ఓవర్‌కీ ముందు, వేసేది ఎవరైనా సరే, మిడాఫ్ నుంచి నడుచుకుంటూ వచ్చి బౌలరుతో మాట్లాడడం టీవీలో అందరం చూశాం. ఆ మాటల వల్ల ఎన్ని వికెట్లొచ్చాయో ఏ స్కోర్‌కార్డులోనూ ఉండదు. మే 29 ఆఖరి ఓవర్‌కి, మే 10 ఆఖరి ఓవర్‌కి సంబంధం ఉందని నేను నిరూపించలేను. భువనేశ్వర్ అంతకుముందే పెద్ద బౌలరు. కానీ ఆ మనిషి 2017 నవంబరు 1న ఆట మానేశాక ఏం చేశాడో చూడండి. 2022లో గుజరాత్ టైటాన్స్‌కి కోచ్‌గా, మొదటి ఏడాదే కప్పు గెలిపించాడు. అంటే చెప్పే విద్య ఉందనేగా?

ఇక్కడితో ఆపేస్తే "ఓల్డ్ ఈజ్ గోల్డ్" అని నీతి చెప్పినట్టవుతుంది. అది నిజం కాదు. రెండో వైపు కూడా చూడాలి.

2024 నవంబరు వేలంలో సన్‌రైజర్స్ మహమ్మద్ షమీని 10 కోట్లకి కొంది. వయసు ముప్పై నాలుగు. 2023 వరల్డ్ కప్పులో 24 వికెట్లు, అదే ఏడు ఐపీఎల్‌లో నెహ్రా కోచ్‌గా ఉన్న గుజరాత్‌కి 28 వికెట్లు. పేరు చూస్తే నెహ్రా కంటే ఎన్నో రెట్లు పెద్దది. కానీ 2023 నవంబరు వరల్డ్ కప్ ఫైనల్ తర్వాత దాదాపు ఏడాది పాటు బంతి పట్టుకోలేదు, కాలికి ఆపరేషన్. 2025లో 9 మ్యాచ్‌లు ఆడి 6 వికెట్లు తీశాడు. ఉప్పల్‌లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ఉప్పల్ పిచ్ మీద ఆ ఏడు ఎవరికి కష్టంగా లేదు గనక? అయినా లెక్క లెక్కే, వికెట్ కోటిన్నర పైమాటే. 2025 నవంబరు 15 గడువు నాటికి అదే 10 కోట్లకి లక్నోకి ఇచ్చేశారు.

మరి రెండింటికీ తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతలో, నెహ్రాని కొన్నప్పుడు అతని చివరి పది నెలలు కళ్ళ ముందున్నాయి. షమీని కొన్నప్పుడు ఆ చివరి ఏడాది ఖాళీ, అంతకుముందటి పేరే ఉంది. పేరుకి డబ్బు కట్టారు.

ఇంకో ఉదాహరణ కూడా మా వైజాగ్‌దే. 2025 మార్చి 30న ఇక్కడే ఢిల్లీకి ఆడుతూ ముప్పై ఐదేళ్ళ మిచెల్ స్టార్క్ 35 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, మన సన్‌రైజర్స్ మీదే. కిందటిసారి 24.75 కోట్లు పలికిన మనిషిని కోల్‌కతా వదిలేస్తే ఢిల్లీ 11.75 కోట్లకే తీసుకుంది. 2024 ఏప్రిల్ 3న ఇదే గ్రౌండులో ముప్పై ఐదేళ్ళ ఇషాంత్ శర్మ యార్కర్‌కి రసెల్ కిందపడి, లేచి, వెళ్తూ వెళ్తూ చప్పట్లు కొట్టాడు. అందరికీ గుర్తున్నది ఆ బంతి. కానీ ఆరోజు కోల్‌కతా 272 కొట్టింది, ఢిల్లీ 106 పరుగులతో ఓడిపోయింది. 2010లో వాస్ కథే మళ్ళీ. ఒక్క గొప్ప బంతి చూసి మురిసిపోకూడదు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. (కంపెనీ పేరు అడక్కండి.) కొన్నాళ్ళ క్రితం మా టీంకి ఒక సీనియర్ ఇంజనీరు కావాల్సొచ్చింది. ఇంటర్వ్యూ పానెల్లో నేనూ ఉన్నాను. వచ్చినాయన వయసు నలభై ఆరు. కోడింగ్ ప్రశ్నలో కొంచెం తడబడ్డాడు, కొత్త ఫ్రేమ్‌వర్క్ పేర్లు రెండు తెలీలేదు. చివర్లో మేమేదైనా అడుగుతారా అంటే, "మీ డేటాబేస్ మైగ్రేషన్ మధ్యలో ఆగిపోతే వెనక్కి ఎలా వస్తారు?" అని అడిగాడు. మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన వెళ్ళాక, "పాతకాలం మనిషి" అని నవ్వుకున్నాం. ఫీడ్‌బ్యాక్‌లో ఓవర్ క్వాలిఫైడ్ అని రాసింది నేనే. ఆ ఉద్యోగం ఇరవై ఆరేళ్ళ కుర్రాడికిచ్చాం. వాడు మంచివాడే, వాణ్ణేమీ అనడంలేదు.

ఆరు నెలల తర్వాత ఒక శనివారం రాత్రి రెండింటికి మా మైగ్రేషన్ మధ్యలో ఆగిపోయింది. వెనక్కి రావడానికి దారి లేదు, ఎందుకంటే ఎవరూ రాయలేదు. పదకొండు గంటలు పట్టింది. తెల్లారి ఐదింటికి కళ్ళు మండుతుంటే నాకు గుర్తొచ్చింది ఆయన ప్రశ్న. దాని వెంటే బాబాయ్.

అన్నట్టు బాబాయ్ బోటు సంగతి చెప్పనే లేదు. తర్వాతేడు వేసవిలో వెళ్ళినప్పుడు అడిగాను, ముసలాయన వల్ల లాభమొచ్చిందా అని. "లాభమేటీ లేదు బాబూ, డీజిలుకే సరిపోయింది" అన్నాడు. అయ్యో అనబోయాను. ఆయనే అన్నాడు, "కానీ ఏడాదంతా ఒక్క వల పోలేదు."

పోని వలకి ఎక్సెల్ షీట్‌లో కాలమ్ ఉండదు. పడని వికెట్‌కి, ఆగని సర్వర్‌కి, మునగని బోటుకి కూడా ఉండదు. అందుకే అనుభవాన్ని కొనేటప్పుడు మనకి ఖర్చు మాత్రమే కనిపిస్తుంది. ఆ ముసలాయన రెండేళ్ళు చేసి నడుంనొప్పితో మానేశాడు. రెండోవాడిగా ఉన్న ఆ కుర్రాడే ఇప్పుడు డ్రైవరు. రాళ్ళెక్కడున్నాయో ఇప్పుడు వాడికి తెలుసు.

నాకు ఇప్పుడు ఇరవై ఎనిమిది దాటాయి. మన ఫీల్డులో ముప్పై ఆరు రావడానికి ఎంతోకాలం పట్టదు. అప్పుడు ఎవరో పందొమ్మిదేళ్ళవాడు నా రెజ్యూమె చూసి నవ్వుతాడు. నవ్వనీండి. వాడి పక్కన ఒక్క బాబాయ్ లాంటివాడు కూర్చుని ఉంటే చాలు.

వచ్చే నెల మా టీంకి మళ్ళీ ఒక మనిషి కావాలి. ఆయన ఫోన్ నంబరు పాత మెయిళ్ళలో వెతికి పట్టుకున్నాను. ఇంకా చెయ్యలేదు, సిగ్గుగా ఉంది. రేపు చేస్తాను.